ఒకటి కొన్నాము, ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు?

ఝరాసంగం మండలములోని గ్రామములలో ఇప్పుడు కంప్యూటరు వింత వస్తువు కాదు. ఎరువుల దుకాణములో లెక్కలకు ఒకటి, జిరాక్సు సెంటరులో దరఖాస్తులకు, పెండ్లి పత్రికలకు ఒకటి, పాఠశాలలో కొన్ని, జహీరాబాదుకో సంగారెడ్డికో చదువుకు వెళ్ళే పిల్లల సంచిలో ల్యాప్‌టాప్ ఒకటి, సంఘ కార్యాలయములో సభ్యుల జాబితాకు, కరపత్రములకు ఎవరో దయతో ఇచ్చిన పాతది ఒకటి. ఇవి వచ్చినప్పటి నుండి ఒక ప్రశ్న మాకు మళ్ళీ మళ్ళీ వినబడుతున్నది. "అయ్యగారూ, మేము డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేరే గదా! దుకాణములో ఒకదానిలో వేశాము. ఇంట్లో ఇంకొకటి ఉన్నది. దానిలో కూడా వేసుకుంటే తప్పా?"

ఇలా అడిగేవారు ఎవరి సొమ్మో కాజేయాలని అడుగుట లేదు. తప్పు చేయకూడదనే అడుగుతున్నారు. గనుక వారికి సూటియైన జవాబు ఇవ్వవలసియున్నది. ఆ జవాబు ఇది: తప్పో ఒప్పో మన ఊహ చెప్పజాలదు, ఆ సాఫ్ట్‌వేరుతో వచ్చిన లైసెన్సు చెప్పాలి. ఒక్కొక్క లైసెన్సులో ఒక్కొక్క లెక్క ఉంటుంది. ఆ లెక్కను చదువుట నేర్చుకుంటే సగము చిక్కు తీరుతుంది. మిగిలిన సగమునకు కూడా దారి ఉన్నది. ఆ రెండింటిని ఈ వ్యాసములో చూద్దాము.

మనము కొన్నది ఏమిటి?

నాగలి కొంటే నాగలి మనది. దానితో మన చేను దున్నుకోవచ్చు, పొరుగువానికి చేబదులు ఇవ్వవచ్చు, అమ్మివేయవచ్చు. పాటల పుస్తకము కొన్నప్పుడు కూడా ఆ పుస్తకము మనదే. చదువుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. అయితే దానిని ప్రెస్సుకు తీసుకువెళ్ళి వెయ్యి ప్రతులు అచ్చు వేయించుటకు మనకు హక్కు లేదు. పుస్తకము మన చేతిలో ఉన్నా ప్రతులు తీసే హక్కు రచయిత చేతిలోనో ప్రచురణకర్త చేతిలోనో ఉంటుంది.

సాఫ్ట్‌వేరు ఈ పాటల పుస్తకము వంటిదే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పుస్తకము చదువుటకు ప్రతి తీయనక్కరలేదు. సాఫ్ట్‌వేరు వాడుటకు మాత్రము దానిని కంప్యూటరులోనికి ఎక్కించాలి. ఎక్కించుట అంటేనే ఒక ప్రతి తీయుట. రెండవ కంప్యూటరులో ఎక్కిస్తే రెండవ ప్రతి. మనకు కనబడేది డిస్కు ఒకటే, లేక డౌన్‌లోడు చేసిన ఫైలు ఒకటే. తీసిన ప్రతులు మాత్రము రెండు. అందుచేతనే కంపెనీవారు ఎన్ని ప్రతులు తీసుకోవచ్చునో ముందుగానే షరతు వ్రాసి ఇస్తారు. ఆ షరతుల పత్రమే లైసెన్సు. లైసెన్సు అంటే అనుమతి.

ఈ సంగతి మన రాష్ట్రము నుండియే సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. ఒరాకిల్, లోటస్ వంటి తయారు ప్యాకేజీల అమ్మకము మీద ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టము క్రింద పన్ను వేయవచ్చునా, కూడదా అని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు వ్యాజ్యము నడిచినది. సాఫ్ట్‌వేరు కంటికి కనబడని మేధాసంపద, సరుకు కాదు అని కంపెనీ వాదించినది. 2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. డిస్కులో పెట్టి బజారులో అమ్మే ప్రోగ్రాము పుస్తకము వలెనే సరుకు, కాబట్టి పన్ను పడుతుంది అన్నది దాని సారాంశము. కాపీరైటు తయారుచేసినవారి వద్దనే ఉండవచ్చును, అయినను అమ్మకమునకు వచ్చిన ప్రతి సరుకే అని న్యాయస్థానము విడదీసి చూపినది.

తరువాత 2021 మార్చి 2న ఇంకొక వ్యాజ్యములో, అది ఆదాయపు పన్నుకు సంబంధించినది, సుప్రీంకోర్టు రెండవ వైపును స్పష్టము చేసినది. లైసెన్సు మీద సాఫ్ట్‌వేరు కొన్నవానికి కాపీరైటు బదిలీ కాదు, వాడుకొనే అనుమతి మాత్రమే వస్తుంది అని చెప్పినది. ఈ రెండు తీర్పులను కలిపి చదివితే మన ప్రశ్నకు పునాది దొరుకుతుంది. చేతిలోని డిస్కు మన సరుకే. ప్రతులు తీసే హక్కు మాత్రము, అనుమతి ఇచ్చిన మేరకే.

విత్తనమునకు ఉన్న స్వేచ్ఛ

మన ప్రాంతపువారికి ఇది కొంచెము కష్టముగా తోచుటకు ఒక కారణము ఉన్నది. పంచుకొనుట మన నేల మీద పాత అలవాటు. జొన్న, కంది, కొర్ర, సామ విత్తనములను కుండలలో బూడిద కలిపి దాచి, పొరుగింటి వారికి ఇచ్చి, పంట వచ్చిన తరువాత తిరిగి తీసుకొనుట మన తల్లులు చేసిన పనియే. పస్తాపూర్ కేంద్రముగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు ఈ పనిని ఊరూరా నిలబెట్టారు. వారి సంఘం రేడియో మన ఝరాసంగం మండలములోని మాచ్నూరు నుండియే 2008 అక్టోబరు 15న మొదలైనది. ఆ విత్తనముల ముచ్చట్లు మన భాషలోనే గాలిలో వినబడినవి.

విత్తనము విషయములో చట్టము కూడా రైతు పక్షమున నిలిచినది. మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము 2001లో వచ్చినది. ఒక కంపెనీ పేరున రక్షణ పొందిన రకమైనా సరే, రైతు తన పంట నుండి విత్తనము దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు వేసి ప్యాకెట్లుగా అమ్మకూడదు, అంతే.

సాఫ్ట్‌వేరుకు ఇటువంటి స్వేచ్ఛను చట్టము ఇవ్వలేదు. పొరుగువారితో పంచుకొనే స్వేచ్ఛ అక్కడ కావాలంటే తయారుచేసినవారే ఇవ్వాలి. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. కాబట్టి "పంచుకొనుట మంచిదే గదా" అన్న మాట ఒక్కటే ఇక్కడ చాలదు. మన చేతిలో ఉన్నది ఏ రకపు విత్తనమో మొదట తెలిసికోవాలి.

లెక్క వేయు విధములు

లైసెన్సు పత్రము ఇంగ్లీషులో పేజీలకు పేజీలు ఉంటుంది. "అంగీకరిస్తున్నాను" అన్న చోట నొక్కి ముందుకు పోవుట అందరికీ అలవాటు. అయితే మన ప్రశ్నకు జవాబు అందులో ఒకటి రెండు వాక్యములలోనే ఉంటుంది. లెక్కను ముఖ్యముగా మూడు విధములుగా వేస్తారు.

మొదటిది యంత్రమును బట్టి లెక్క. కంప్యూటరు కొన్నప్పుడే దానితో వచ్చిన విండోస్ సాధారణముగా ఈ రకము. అది ఆ యంత్రముతో పుట్టి ఆ యంత్రముతోనే పోతుంది. పాత యంత్రము చెడిపోయినదని దాని విండోస్‌ను క్రొత్త యంత్రమునకు మార్చుటకు వీలులేదు. ఆ యంత్రమును ఎవరికైనా ఇస్తే విండోస్ కూడా దానితో వెళ్ళవచ్చు. విడిగా డబ్బాలో కొన్న విండోస్ వేరు. దానిని పాత యంత్రములో తీసివేసి క్రొత్తదానికి మార్చుకోవచ్చు, గాని ఒకేసారి రెండింటిలో ఉంచకూడదు. యాంటీవైరస్ డబ్బాల మీద "1 పీసీ", "3 పీసీలు" అని వ్రాసి ఉండుట మీరు చూసియుంటారు. అదియు యంత్రముల లెక్కయే.

రెండవది మనిషిని బట్టి లెక్క. మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్ ఒక్క మనిషికి. ఆ ఒక్కరు ఒకేసారి 5 పరికరముల వరకు దానిని వాడుకోవచ్చు. ఫ్యామిలీ రకము 6 మంది వరకు పనికివస్తుంది. ఇక్కడ ఇంట్లో ఎన్ని కంప్యూటర్లు ఉన్నవని కాదు, ఎవరు వాడుతున్నారని చూస్తారు. అడోబి వారి క్రియేటివ్ క్లౌడ్‌లో ఒక్క మనిషి రెండు కంప్యూటర్లలో తెరచి ఉంచుకోవచ్చు, అయితే రెండింటిలో ఒకేసారి పనిచేయకూడదు. అంటే ఇంట్లో ఒకటి, దుకాణములో ఒకటి పెట్టుకొని ఒక్కరే పని చేసుకొనుట ఒప్పు. ఒకదానిలో అన్న, ఇంకొకదానిలో తమ్ముడు కూర్చొనుట తప్పు.

మూడవది చోటును బట్టి లెక్క. దుకాణదారులకు బాగా తెలిసిన ట్యాలీ దీనికి మంచి ఉదాహరణ. అందులో సిల్వర్ రకము ఒక్క కంప్యూటరుకు. గోల్డ్ రకమును ఒకే చోట ఒకే నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లలో అనేకులు ఒకేసారి వాడవచ్చు. సిల్వర్ ఉన్నవారు కంప్యూటరు మార్చదలిస్తే పాతదానిలో లైసెన్సును ముందు "సరెండర్" చేయాలి, అనగా తిరిగి అప్పగించాలి. తరువాతనే క్రొత్తదానిలో తెరవాలి. ఇల్లు మారేటప్పుడు పాత ఇంటి తాళపుచెవి యజమానికి అప్పగించినట్టు అన్నమాట.

ఈ లెక్కను కొందరు కాగితము మీద వ్రాసి ఊరుకోక, తాళము వేసి మరీ ఇచ్చేవారు. తెలుగు డీటీపీ పని చేసినవారికి ఆ చిన్న తాళము జ్ఞాపకము ఉంటుంది. హైదరాబాదులో తయారైన అను ఫాంట్లు, పుణెలో మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారు తయారుచేసిన శ్రీలిపి వంటి వాటితో డాంగిల్ అనే చిన్న ముక్క వచ్చేది. దానిని కంప్యూటరు వెనుక తగిలిస్తేనే ఆ ప్యాకేజీ పనిచేసేది. ప్రోగ్రామును పది కంప్యూటర్లలో ఎక్కించినా, తాళము ఒక్కటే గనుక ఒకసారి ఒక్కదానిలోనే పని జరిగేది.

ఈ లెక్కలన్నిటి వెనుక ఉన్న ఆలోచనను అందరికీ అర్థమయ్యేటట్లు చెప్పిన కంపెనీ ఒకటి ఉండేది. అమెరికాలోని బోర్లాండ్ కంపెనీ 1983లో టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామును తెచ్చినది. ఆ రోజులలో ఆ కంపెనీ తన సాఫ్ట్‌వేరుకు ఇచ్చిన లైసెన్సు పేరుపొందినది. ఈ సాఫ్ట్‌వేరును పుస్తకము వలె చూడండి అన్నది దాని భావము. ఒక పుస్తకమును ఎందరైనా చదువవచ్చు, ఒక గది నుండి ఇంకొక గదికి తీసుకుపోవచ్చు. అయితే ఒకే పుస్తకమును ఒకే సమయములో రెండు ఊళ్ళలో ఇద్దరు చదువలేరు. సాఫ్ట్‌వేరును కూడా అలాగే, ఒకేసారి రెండు చోట్ల నడువని విధముగా వాడుకొమ్మన్నారు. అన్ని కంపెనీల షరతులు ఇంత ఉదారముగా ఉండవు. అయినను లైసెన్సు చదువుట తెలియని మనిషికి ఈ పుస్తకపు ఉపమానము మంచి కొలబద్ద.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన దేశములో కాపీరైటు చట్టము 1957 నాటిది. 1984లో చేసిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు కూడా సాహిత్య రచనల వరుసలో చేరినవి. కవి వ్రాసిన కావ్యమునకు ఉన్నట్టే ప్రోగ్రాము వ్రాసినవానికి రక్షణ వచ్చినది. 1994లో చేసిన సవరణ 1995 మే 10 నుండి అమలులోనికి వచ్చినది. దానితో 63బి అనే సెక్షను చేరినది. దొంగ ప్రతి అని తెలిసియుండి దానిని కంప్యూటరులో వాడినవారికి 7 దినములకు తగ్గకుండ 3 సంవత్సరముల వరకు జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండ 2 లక్షల వరకు జరిమానా పడవచ్చును. లాభము కొరకు గాని వ్యాపారములో గాని వాడలేదని తేలితే, న్యాయస్థానము తగిన కారణములు వ్రాసి జైలు లేకుండ 50,000 వరకు జరిమానాతో సరిపెట్టవచ్చును.

అదే చట్టము కొన్నవానికి కూడా కొంత వెసులుబాటు ఇచ్చినది. 52వ సెక్షను ప్రకారము, చట్టబద్ధముగా ప్రతి పొందినవాడు అది పోకుండ, చెడిపోకుండ ఒక రక్షణ ప్రతిని తీసి దాచుకొనుట నేరము కాదు. తాను సొంతముగా, చట్టబద్ధముగా పొందిన ప్రతి నుండి వ్యాపారము కాని సొంత వాడుక కొరకు ప్రతి తీసుకొనుట కూడ కాపీరైటు ఉల్లంఘన కాదని అందులో ఉన్నది. అయితే ఈ మాటను చూసి తొందరపడరాదు. దుకాణము సొంత వాడుక కాదు. పాఠశాల సొంత వాడుక కాదు. మిత్రునికి ఇచ్చుట సొంత వాడుక కానే కాదు. పైగా కంపెనీతో మనము ఒప్పుకొన్న షరతులు ఇంకా బిగువుగా ఉండవచ్చు, ఆ ప్రోగ్రాము ఇంటర్నెట్టు ద్వారా లెక్క చూసుకొని రెండవ యంత్రములో తెరుచుకొనకనే పోవచ్చు. కాబట్టి రెండవ యంత్రములో ఎక్కించుటకు ముందు లైసెన్సు అడిగి చూచుకొనుటయే క్షేమము.

తాళము పగులగొట్టినదానితో వచ్చే ముప్పు

"మా ఊరికి ఏ పోలీసులు వచ్చి చూస్తారు?" అని కొందరు నవ్వుతారు. పోలీసులు రాకపోవచ్చు. అసలు నష్టము వేరొక ద్వారము నుండి వస్తుంది.

లైసెన్సు లెక్క మించినప్పుడు ప్రోగ్రాము తెరుచుకొనదు. అప్పుడు ఎవరో ఒకరు పెన్‌డ్రైవులో "క్రాక్" అనో "యాక్టివేటర్" అనో ఒక చిన్న ఫైలు తెచ్చి ఇస్తారు. అటువంటి ఫైళ్ళు తరచుగా మొట్టమొదట అడిగేది, "యాంటీవైరస్‌ను ఆపివేయండి" అని. కాపలావానిని ఇంటికి పంపి, తెలియనివానికి తలుపు తీయుట వంటిదే ఇది. ఆ ఫైలు తాళము ఒక్కటే పగులగొట్టునో, లోపల ఇంకేమైనా పెట్టి పోవునో మనకు తెలియదు. దొంగ ప్రతి దొరికిపోకుండ అప్‌డేట్లు కూడ ఆపివేయుట మామూలు. అప్పుడు ఆ కంప్యూటరు కిటికీలు తెరచిన ఇల్లు అవుతుంది.

అప్‌డేట్లు లేని కంప్యూటరుకు ఏమి జరుగునో 2017 మే నెలలో లోకమంతా చూచినది. వానాక్రై అనే వైరస్ ఫైళ్ళకు తాళము వేసి, తెరవాలంటే డబ్బు కట్టమని అడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రులు నిలిచిపోయినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటికి కూడ అది తగిలినది. ఆ వైరస్ దూరే సందును మూసే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చిలోనే ఇచ్చియుండెను. వేసుకొన్న యంత్రములు నిలిచినవి, వేసుకొననివి చిక్కుకొన్నవి.

ఎరువుల దుకాణములో రైతుల బాకీల లెక్కలు, సంఘ కార్యాలయములో బాప్తిస్మముల, వివాహముల రిజిస్టర్లు, పాఠశాలలో పిల్లల మార్కులు: ఇవన్నీ ఒక్క ఉదయమున తెరుచుకొనకపోతే ఆ నష్టమును ఏ జరిమానాతో కొలవగలము? మిగిలించుకొన్న కొన్ని వేల రూపాయలకు అది చాలా ఖరీదైన బేరము.

నష్టపోయేవారు మనవారే

"పెద్ద కంపెనీలకు ఒకటి రెండు ప్రతులు పోతే ఏమి నష్టము?" అన్న మాట కూడ వింటాము. తెలుగులో పనిచేయు ప్రోగ్రాముల విషయములో ఈ మాట అసలే నిలువదు. ఇంగ్లీషు సాఫ్ట్‌వేరుకు లోకమంతా బజారు. తెలుగు అక్షరములు గీసి, ఒత్తులు, గుణింతములు సరిగా కూర్చి, కీబోర్డుకు అమర్చి అమ్మేవారికి ఉన్న బజారు మన డీటీపీ సెంటర్లు, మన ప్రెస్సులు, మన పత్రికలు మాత్రమే. ఊరిలో ఒకరు కొని పదిమంది ప్రతి తీసుకుంటే, అక్షరములు గీసినవానికి పది కూలీలలో ఒక్కటే ముట్టినట్టు. మరుసటి ఫాంటు గీయుటకు అతడు ఎందుకు కూర్చుంటాడు?

స్వేచ్ఛగా ఇచ్చినవారు ఉన్నారు

ఇప్పుడు రెండవ దారికి వద్దాము. "అయ్యగారూ, అంత డబ్బు మా వద్ద లేదు" అన్న మాట అబద్ధము కాదు. ఆ లేమిని చూసి, విత్తనము వలె పంచుకొనుటకే సాఫ్ట్‌వేరును తయారుచేసి ఇచ్చినవారు ఉన్నారు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ పని తలపెట్టి, 1989లో జీపీఎల్ అనే లైసెన్సును వెలువరించారు. ఆ లైసెన్సు ఉన్న ప్రోగ్రామును ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, ఎందరికైనా ప్రతి ఇవ్వవచ్చు, లోపలి రాతను చూచి మార్చుకోవచ్చు. షరతు ఒకటే: మనము పొందిన స్వేచ్ఛను మన వద్ద పుచ్చుకొనేవారికి కూడ ఇవ్వాలి. విత్తనము తీసుకొన్నవాడు విత్తనము ఇవ్వాలి అన్న మన పల్లె ధర్మము ఇదియే.

లినక్స్ ఈ లైసెన్సుతోనే లోకమంతటా ప్రాకినది. ఉత్తరములు, లెక్కల పట్టికలు తయారుచేసే లిబ్రేఆఫీస్ దీనికి దగ్గరి బంధువైన లైసెన్సుతో వస్తుంది. దానిని దుకాణములో, ఇంట్లో, పాఠశాలలో, సంఘములో లెక్క చూడకుండ వేసుకోవచ్చు. మన తెలుగు రాష్ట్రములలో స్వేచ్ఛ అనే సంస్థ హైదరాబాదు కేంద్రముగా ఇటువంటి సాఫ్ట్‌వేరును విద్యార్థులలో ప్రచారము చేయుచున్నది. పొరుగున కేరళ ప్రభుత్వము తన పాఠశాలల కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదనే నడిపించుచున్నది.

తెలుగు అక్షరములు కూడ ఈ విధముగా దొరుకుచున్నవి. కెనడాలోని విన్నిపెగ్ నగరములో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లను తయారుచేసి జీపీఎల్ క్రింద ఇచ్చారు. మండలి, సూరన్న, ధూర్జటి, మల్లన్న, గురజాడ, గిడుగు వంటి పేర్లతో ఉన్న మరికొన్ని తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద దొరుకుతాయి. ఆ లైసెన్సును 2007లో ఇప్పటి రూపములో తయారుచేసినది ఎస్ఐఎల్ అనే సంస్థ. లిపి లేని భాషలకు లిపిని, చిన్న భాషలకు నిఘంటువులను సమకూర్చుటకు, బైబిలు అనువాదకులకు తోడ్పడుటకు 1934 నుండి పనిచేయుచున్న క్రైస్తవ సంస్థ అది. ఆ లైసెన్సు ఉన్న ఫాంటుతో కరపత్రము వేయవచ్చు, పెండ్లి పత్రిక వేసి డబ్బు తీసుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లలోనైనా ఉంచవచ్చు. ఫాంటును మాత్రము విడిగా అమ్మకూడదు.

అయితే ఉచితముగా దొరికినదంతా ఈ కోవకు చెందదు. కొన్ని ప్రోగ్రాములు పరీక్ష కొరకు కొన్ని దినములు మాత్రము ఇస్తారు. విన్‌రార్ 40 దినముల తరువాత కొనవలసినది. టీమ్‌వ్యూయర్ సొంత వాడుకకు ఉచితము, వ్యాపారమునకు కాదు. "డబ్బు అడుగలేదు" అన్నది వేరు, "పంచుకొమ్మన్నారు" అన్నది వేరు.

ఒక కుటుంబము లెక్క

చెప్పినదంతా ఒక కుటుంబము మీద పెట్టి చూద్దాము. తండ్రికి ఎరువుల దుకాణము, అందులో ఒక కంప్యూటరు. కుమార్తె డిగ్రీ చదువుచున్నది, ఆమెకు ల్యాప్‌టాప్. దుకాణములోని పాత కంప్యూటరును సంఘ కార్యాలయమునకు ఇచ్చారు. యంత్రములు మూడు.

మూడింటిలోను విండోస్ యంత్రముతోనే వచ్చినదైతే చిక్కు లేదు. పాతదానితో విండోస్ కూడ సంఘమునకు వెళ్ళినది. అయితే అందులో ఉన్న ట్యాలీ సంఘమునకు వెళ్ళదు. ఇచ్చేముందు తండ్రి దానిని సరెండర్ చేసి, దుకాణములోని క్రొత్త కంప్యూటరులో తెరవాలి. రాత్రిళ్ళు ఇంట్లో లెక్కలు చూచుకొనుటకు అదే సిల్వర్ లైసెన్సును కుమార్తె ల్యాప్‌టాప్‌లో రెండవ ప్రతిగా నడుపరాదు. లెక్కల కాగితములు అచ్చు తీసి ఇంటికి తెచ్చుకోవచ్చు, లేదా దుకాణపు లెక్కలకు ల్యాప్‌టాప్ ఒక్కటే పెట్టుకొని రెండు చోట్లకు మోసుకోవచ్చు. ఇంటి కొరకు తీసుకొన్న మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ కుమార్తె చదువుకు, తల్లి ఉత్తరములకు సరిపోతుంది. అది ఇంటి వాడుకకు ఇచ్చినది గనుక దుకాణపు పనికి కాదు. దుకాణమునకు, సంఘమునకు లిబ్రేఆఫీస్ చాలును. కరపత్రములకు పోతన, మండలి ఫాంట్లు మూడింటిలోను వేసుకోవచ్చు. చూడండి, ఈ కుటుంబము క్రొత్తగా ఖర్చు పెట్టినది ఏమియు లేదు. కూర్చొని లెక్క చూచుకొన్నది, అంతే.

ఒక నోటుపుస్తకము చాలును

కంప్యూటర్లు ఉన్న ప్రతి ఇంటివారికి, దుకాణమువారికి, సంఘ కార్యదర్శులకు మా సలహా ఒకటి. ఒక నోటుపుస్తకము పెట్టండి. ప్రతి ప్రోగ్రామునకు ఒక వరుస. పేరు, కొన్న తేదీ, బిల్లు నంబరు, ఉత్పత్తి కీ, ఎన్ని యంత్రములకు లేక ఎందరికి అనుమతి, ఏ యంత్రములో వేశాము, ఎప్పుడు తీసివేశాము. బిల్లును ఆ పేజీకే అంటించండి. బిల్లు ఇవ్వనివాని వద్ద కొనకండి. అతి తక్కువ ధరకు కీ ఒక్కటే అమ్మేవారు, ఏదో కార్యాలయమునకు ఇచ్చిన కీని పదిమందికి అమ్ముచుండవచ్చు. అది నేడు పనిచేసి రేపు నిలిచిపోవచ్చు.

క్రొత్తది వేసేముందు అమ్మేవానిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది యంత్రమునకా, మనిషికా, చోటుకా? ఒకేసారి ఎన్నింటిలో నడువవచ్చు? కంప్యూటరు చెడిపోతే ఇంకొకదానికి మార్చుకోవచ్చునా, ఎలా? ఇంటి వాడుకకు మాత్రమేనా, వ్యాపారమునకు, సంస్థకు కూడానా? అతడు చెప్పలేకపోతే, ఇంగ్లీషు చదువుకొన్న మీ పిల్లలను కూర్చోబెట్టి లైసెన్సులో ఆ నాలుగు వాక్యములు వెదకించండి. వారికి అదొక చదువు, మీకు అదొక ధైర్యము.

ఆ నోటుపుస్తకములో అనుమతి వ్రాసిన గడి, యంత్రములు వ్రాసిన గడి సరిపోయినవా, ఆ ఇంటివారు నిర్భయముగా పని చేసుకోవచ్చు. సరిపోలేదా, ఎక్కువైన ప్రతిని తీసివేసి, దాని స్థానములో పంచుకొమ్మని ఇచ్చినదానిని వేసుకొనుటకు ఒక్క సాయంత్రము చాలును.